కాళ్లు మాత్రం నావే

సారలమ్మకు అరికాళ్ల మంటలు మొదలై అప్పటికి మూడేళ్లు. మొదట్లో ఎండాకాలం కదా అనుకున్నారు. గోదావరిఖనిలో మే నెల వచ్చిందంటే మండనిదంటూ ఉండదు. గోడ మండుతుంది, మంచం మండుతుంది, నల్లా తిప్పితే నీళ్లు కూడా మండుతాయి. అలాంటి ఊళ్లో ఒక మనిషి కాళ్లు మండటం వింతేమీ కాదు. కానీ వానలు పడ్డా మంట తగ్గలేదు, చలి వచ్చినా తగ్గలేదు. వాళ్లుండే ఎయిట్ ఇంక్లైన్ కాలనీ అంతా దుప్పట్లు ముసుగేసుకునే రోజుల్లో కూడా ఆమె ఒక్కతే తడిగుడ్డ పాదాలకు చుట్టుకుని చల్లటి గచ్చు మీద కూర్చునేది.

భర్త రాయమల్లు బొగ్గు బాయిలో పంపు ఆపరేటర్. భూమి అడుగున ఊరే నీళ్లను పైకి తోడే పంపు పక్కన ఎనిమిది గంటలు ఒంటరిగా కూర్చోవడం అతని డ్యూటీ. ఇరవై రెండేళ్లుగా అదే పని. అక్కడ మాట్లాడేందుకు మనిషి ఉండడు కాబట్టి మాట తక్కువ అలవాటైందో, మాట తక్కువ మనిషి కాబట్టి ఆ పని నచ్చిందో చెప్పలేం. భార్య మీద మాత్రం ప్రాణం. ఆమెను కంపెనీ దవాఖానకు ఎన్నోసార్లు తీసుకుపోయాడు. డాక్టరు ఓపిక గల మనిషి. షుగర్ పరీక్ష చేయించాడు, లేదన్నాడు. నరాలకు గోలీలు రాశాడు, పూతకు మందు ఇచ్చాడు. కరీంనగర్‌లో ఒకరికి, మంచిర్యాలలో ఇంకొకరికి చూపించారు. పక్క క్వార్టరు లస్మవ్వ మూడు ఆదివారాలు దిష్టి తీసింది. దేనికీ గుణం కనిపించలేదు. చివరికి సారలమ్మే, "ఇగ ఇడ్సిపెట్టు. నా కాళ్లు, నా మంట," అని తేల్చేసింది.

అలాంటి రోజుల్లో రాయమల్లుకు నెట్ సెంటర్ అలవాటైంది.

దానికి కారణం కూతురు రమ. పురుడు పోసుకుని చంటిపిల్లవాడితో అత్తగారి ఊరు గోలేటికి తిరిగి వెళ్లే ముందు, తల్లిని లక్ష్మీనగర్‌లోని నెట్ సెంటర్‌కు తీసుకెళ్లి ఆమె పేరు మీద ఆర్కుట్‌లో ఖాతా తెరిచింది. బతుకమ్మ పక్కన నవ్వుతూ నిలబడ్డ సారలమ్మ ఫోటో కూడా పెట్టింది. "పిలగాని ఫోటోలు ఇందుల పెడ్త. వారానికోపాలి వచ్చి సూడుండ్రి," అని చెప్పి బస్సెక్కింది. సారలమ్మ ఒకే ఒక్కసారి వెళ్లింది. అక్కడి కుర్చీలో కాళ్లు కిందికి వేలాడేసరికి మంట లేచి, మనవడి ముఖం సరిగా చూడకుండానే ఇంటికి వచ్చేసింది. అప్పటి నుంచి ఆ పని రాయమల్లుకు పడింది. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, షేర్ ఆటోలో లక్ష్మీనగర్ వెళ్లి ఫోటోలు చూసి వచ్చి, పిల్లవాడు బోర్లా పడ్డాడనీ, పళ్లు వస్తున్నాయనీ భార్యకు చెప్పేవాడు.

నెట్ సెంటర్ నడిపేది అర్షియా. మోటార్ మెకానిక్ కుతుబుద్దీన్ బిడ్డ, ముప్పై ఏళ్లుంటాయి. పదో తరగతితో చదువు ఆపేసిన రాయమల్లుకు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడం ఆమే నేర్పింది. "కాకా, నోటితోని ఎట్ల అంటవో గట్లనే కొట్టు. తప్పు వోతే ఏం గాదు," అనేది. రెండు చూపుడు వేళ్లతో, కోడి గింజలు ఏరినట్టు అతను ఒక్కో అక్షరాన్ని ఏరుకునేవాడు.

రెండు వేల తొమ్మిదిలో దసరా దాటాక ఒకరోజు, మనవడి ఫోటోలు చూడటం అయిపోయి లేవబోతుంటే తెర మీద ఒక మూల ఒక గుంపు పేరు కనిపించింది: 'మన అక్కచెల్లెళ్ల ఆరోగ్యం'. దాని కింద, 'ఆడవారికి మాత్రమే'. ఆ పేరు మీద నొక్కాడు. చేర్చుకోమని అడుగుతారా అంది కంప్యూటరు. అవునన్నాడు. ఖాతా సారలమ్మది, ఫోటో సారలమ్మది. మర్నాటికల్లా ఆమెను చేర్చుకున్నారు. మోసం చేద్దామని మొదలుపెట్టిన పని కాదది. పెళ్లాం పేరుతో తలుపు తెరుచుకుంది, లోపలికి అడుగు పెట్టాడు, అంతే.

గంటసేపు కష్టపడి మొదటి జాబు రాశాడు. "అక్కలకు దండాలు. నాకు మూడేండ్ల సంది అరికాళ్లు మంటలు. షుగర్ లేదు. ఏం చెయ్యాలె."

రెండు రోజుల్లో ఏడు జవాబులు వచ్చాయి. ఒకామె వెన్నపూస రాయమంది. ఒకామె ఆముదం అంది. ఒకామె గోరింటాకు మెత్తగా నూరి పట్టు వేయమంది. కలబంద గుజ్జు అన్నారు, మెంతులు నానబెట్టి తాగమన్నారు, గోరువెచ్చని ఉప్పునీళ్లన్నారు, వద్దు చన్నీళ్లే మంచివన్నారు. తాను ఎన్నడూ చూడని ఆడవాళ్లు, ఎక్కడెక్కడి ఊళ్ల వాళ్లో, తన పెళ్లాం కాళ్ల గురించి ఇంత పట్టించుకుంటున్నారా అని రాయమల్లు ఆ జవాబులను మళ్లీ మొదటి నుంచి చదివాడు. అన్నిటినీ చిట్టీ మీద రాసుకుని, వారానికి ఒక్కటి చొప్పున ఇంటికి తెచ్చాడు.

"ఇదెవలు చెప్పిండ్రు?" అంది సారలమ్మ వెన్నపూస చూసి.

"బాయిల ఓవర్‌మన్ చెప్పిండు."

ఆముదం కూడా, షిఫ్టు మీద అజమాయిషీ చేసే ఆ ఓవర్‌మనే చెప్పాడు. మెంతులూ ఆయనే. గోరింటాకు పెట్టిన వారం సారలమ్మ అరికాళ్లు ఎర్రగా పండితే, లస్మవ్వ గడపలో నిలబడి, "ఏందే సారలా, మల్ల పెండ్లి చేసుకుంటున్నవా," అని పడీ పడీ నవ్వింది. కలబంద వచ్చేసరికి సారలమ్మకు అనుమానం ముదిరింది.

"ఆ ఓవర్‌మన్‌కు బాయిల పని లేదా ఏంది? ఎప్పుడు సూడు ఆడోళ్ల కాళ్ల మీదనే ఉంటదా ఆయన పానం?"

రాయమల్లు తల వంచుకుని కలబంద మట్ట చీల్చాడు.

ఆ గుంపును నడిపేది రాజకుమారి. కాకినాడలో నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. అందరూ మందులు చెబుతుంటే ఆమె మాత్రం చాలా రోజులు ఊరుకుని, ఒకసారి ఇలా రాసింది. "సారలమ్మా, మందుల సంగతి తర్వాత. నువ్వు మంట అంటున్నావు గానీ ఎలాంటి మంటో చెప్పలేదు. కారం రాసినట్టా, సూదులు గుచ్చినట్టా, తిమ్మిరెక్కినట్టా? వేళ్ల దగ్గర ఎక్కువా, మడమల దగ్గరా? ఏ పూట ఎక్కువ? అన్నీ వివరంగా రాయమ్మా."

రాయమల్లు చూపుడు వేళ్లు రెండూ గాల్లోనే ఆగిపోయాయి. పంపు చప్పుడులో చిన్న గరగర వినిపిస్తే ఏ బేరింగు ఎన్ని రోజుల్లో పోతుందో చెప్పగల మనిషికి, మూడేళ్లుగా పక్క మంచంలో ఉన్న మంట ఎలాంటిదో తెలియదు. జవాబు రాయకుండానే లేచి ఇంటికి వచ్చాడు.

సారలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాడు.

"సారలా, నీ కాళ్లు మండుతయ్ గదా. ఎట్ల మండుతయ్?"

ఆమె చెయ్యి ఆగింది. "ఏమైంది నీకు?"

"ఏం కాలే. అడుగుతున్న."

"మూడేండ్ల సంది మండుతుంటే ఇయ్యాల అడుగుతున్నవా?"

"ఇయ్యాలనే తెలువాలె నాకు."

వెక్కిరిస్తున్నాడేమో అని ఆమె అతని ముఖం చూసింది. ఆ ముఖంలో వెక్కిరింత లేదు. చేట పక్కన పెట్టింది.

"మొదలు వేండ్ల కొసలల్ల చీమలు పారినట్టయితది. అటెనుక మిట్టమధ్యాన్నం డాంబరు రోడ్డు మీద ఉత్తకాళ్లతోని నిలవడ్డట్టుంటది. పొద్దుగూకినంక ఇంకింత ఎక్కువ. ఒక్కోపాలి మంటే ఉండది, అసలు కాలున్నట్టే తెలువది. మొన్న ఒక్క చెప్పుతోనే దుకాణం దాక పోయిన. దుకాణపాయన సూపిచ్చేదాక నాకు తెలువనే లేదు."

చెప్పి తానే నవ్వింది. రాయమల్లు నవ్వలేదు. ఆమె ఇంకా చెప్పింది. స్నానం నీళ్లు కాళ్లకు వేడిగా ఉన్నాయో చల్లగా ఉన్నాయో చేత్తో తాకి తెలుసుకోవాల్సి వస్తోందని చెప్పింది. మనవడిని ఎత్తుకుని నడవాలంటే భయమేస్తుందని, అందుకే రమ వచ్చినప్పుడు కూర్చునే ఎత్తుకున్నానని చెప్పింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడిగేసరికి మూడేళ్లది అంతా వచ్చేసింది. బియ్యం ఏరడం ఆ పూటకు అక్కడే ఆగిపోయింది.

మర్నాడు ఆ మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టే కొట్టాడు. "ఎంత బాగా చెప్పావమ్మా, నీ కాళ్లు నా కళ్లకు కట్టాయి," అని రాసింది రాజకుమారి.

ఆ గుంపులోనే ఆబిదా అని ఇంకొకామె ఉండేది. నిజామాబాద్‌లో బడిపంతులమ్మ. షుగర్ వల్ల ఆమె కాళ్లూ మండేవి. సమాన దుఃఖం కదా, సారలమ్మక్కా సారలమ్మక్కా అంటూ రోజూ ఏదో ఒకటి రాసేది. ఒకరోజు అడిగింది. "అక్కా, మీ ఆయన మీ కాళ్లు పిసుకుతడా? మా ఆయననైతే అడిగితే టీవీ చప్పుడు పెంచుతడు."

రాయమల్లు 'పిసుకుతడు' అని కొట్టాడు. కొట్టాక ఆ మాటకేసి చాలాసేపు చూశాడు. అబద్ధం. తీసేద్దామా అనుకున్నాడు. తీసేస్తే ఏం రాయాలి? అలాగే పంపించి, ఆటో కోసం కూడా ఆగకుండా నడిచి ఇంటికి వచ్చి, గచ్చు మీద కూర్చున్న భార్య పాదాలు రెండూ ఒళ్లోకి తీసుకున్నాడు.

సారలమ్మ కాళ్లు లాక్కుంది. "కంపెనీల ఏమన్న లొల్లయిందా? సస్పెండ్ చేసిండ్రా నిన్ను?"

"లే."

"మరిదేంది?"

"జర ఊకె కూసో."

ఆమె ఊరికే కూర్చుంది. అతని చేతులకు అలవాటు లేదు. మొదట వాల్వు తిప్పినట్టు తిప్పాడు, ఆమె అబ్బా అంది. నాలుగు రోజులు పోయేసరికి ఎక్కడ ఎంత నొక్కాలో తెలిసింది. తర్వాత అది రోజూ ఉండే పనే అయింది.

ఆబిదా అంతటితో ఆగలేదు. మీ ఆయన ఎట్లాంటి మనిషక్కా అని అడిగింది. దానికి జవాబు రాయడానికి రాయమల్లుకు రెండు రోజులు పట్టింది. బాయిలో పంపు పక్కన కూర్చుని కూడా అదే ఆలోచన. సారలమ్మ అయితే ఏమంటుంది? ఆఖరికి రాశాడు. "మా ఆయన తాగడు. డ్యూటీ నాగా పెట్టడు. మంచోడే. కాకపోతే ఏది అడుగడు. అడుగకుంటే నేను చెప్ప. గిట్లనే ఇరవై ఆరేండ్లు ఎల్లిపోయినయ్." రాసినదాన్ని మళ్లీ చదువుకుంటే, తన గురించి ఇంకెవరో చెప్పినట్టు అనిపించింది.

సంక్రాంతి పోయాక ఒకరోజు ఆబిదా పెద్ద జాబు రాసింది. గర్భసంచి తీసేసినప్పటి నుంచి భర్త వేరే గదిలో పడుకుంటున్నాడనీ, తాను ఆడదాన్నేనా అని తనకే అనుమానం వస్తోందనీ రాసింది. చివర్లో ఇలా ఉంది. "ఈ మాట మా అమ్మతోని కూడ అనలే. ఇక్కడున్నది అందరు ఆడోళ్లే గదా అని చెప్పుకుంటున్న."

ఆడవాళ్లు స్నానాలు చేసే రేవులోకి తెలియక దిగిన మగవాడిలా అయింది రాయమల్లు పరిస్థితి. కంప్యూటరు కట్టేసి లేచాడు.

అర్షియా అతన్ని తలుపు దగ్గర ఆపింది. "కాకా, ఒక మాట చెప్త, గుస్సా కాకు. నువ్వు ఏ గ్రూపుల రాస్తున్నవో మొదటి దినం నుంచి నాకు తెలుసు. మా సారలమ్మ చిన్నమ్మ కోసమే గదా అని ఊకున్న. కని ఇంక మంచిగుండదు. వాండ్లు చిన్నమ్మతోని మాట్లాడుతున్నమనుకుంటున్నరు. చిన్నమ్మకే తెలువకపోతే ఎట్ల?"

"నాకు గూడ గదే ఫికరైతున్నది బిడ్డా," అన్నాడు.

ఫికర్ పడుతూ వారం గడిపాడు. ఎనిమిదో రోజు ఖాతా తెరిస్తే రాజకుమారి జాబు ఉంది. నాగపూర్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్తోందట. వచ్చే బుధవారం పగటిపూట ఆమె బండి రామగుండం స్టేషన్‌లో ఆగుతుందట. "ఆగేది రెండు నిమిషాలే గానీ ప్లాట్‌ఫారం మీదికి రామ్మా. నీ కాళ్లు ఒకసారి కళ్లారా చూస్తాను."

ఇక తప్పించుకునే దారి లేదు. ఆ సాయంత్రం భార్య కాళ్లు ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తకుండా, మొదటి నుంచి చివరి దాకా చెప్పేశాడు. ఓవర్‌మన్ లేడనీ, మందులన్నీ ఆ ఆడవాళ్లు చెప్పినవేననీ, తాను ఆమె పేరుతో నాలుగు నెలలుగా రాస్తున్నాననీ చెప్పాడు. పిసకడం ఎందుకు మొదలుపెట్టాడో కూడా దాచలేదు.

అరుస్తుందనుకున్నాడు, ఏడుస్తుందేమో అనుకున్నాడు. సారలమ్మ అడిగింది ఒకటే. "అయితే నేనేమేం రాసిన?"

"ఆఁ?"

"నా పేరు మీదనే గదా రాసింది. నేనేం రాసిన్నో నాకు తెలువద్దా? రేపు నన్ను తోల్కపో."

మర్నాడు ఇద్దరూ నెట్ సెంటర్‌కు వెళ్లారు. కాళ్లు వేలాడకుండా అర్షియా ఒక స్టూలు తెచ్చి సారలమ్మ పాదాల కింద పెట్టింది. రాయమల్లు మొదటి జాబు నుంచి చదవడం మొదలుపెట్టాడు. సారలమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, వేరే ఎవరో ఆడమనిషి కథ వింటున్నట్టు విన్నది. చీమలు, డాంబరు రోడ్డు, ఒంటి చెప్పు వచ్చినప్పుడు, "నేనన్నట్టే రాసినవ్," అంది. మెంతులు తాగితే కొంచెం నయమని రాసిన చోట ఆపింది. "గది అబద్ధం. నేను మెంతులు తాగలే, మొక్కకు పోసిన."

భర్త ఎట్లాంటి మనిషి అన్న దగ్గర రాయమల్లు దాటేయబోయాడు.

"సదువు," అంది ఆమె.

చదివాడు. సారలమ్మ తెర వైపే చూస్తూ, "ఏది అడుగడు అన్నది నిజమే. గని ఇప్పుడు అడుగుతున్నడు. గది గూడ రాయాల్సుండె," అంది.

ఆబిదా పెద్ద జాబు దగ్గరకు వచ్చినప్పుడు అతను తనంతట తానే ఆగిపోయాడు. సంగతేమిటో ఒక్క ముక్కలో చెప్పాడు. సారలమ్మ అతన్ని బయటికి పంపి, అర్షియా చేత చదివించుకుంది. అతను చాయ్ బండి దగ్గర అరగంట నిలబడ్డాక మళ్లీ లోపలికి పిలిచింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"కూసో. నేను చెప్త, నువ్వు కొట్టు. ఆఖరిపాలి నీతోనే రాపిస్త," అని చెప్పడం మొదలుపెట్టింది. "అక్కలారా, చెల్లెండ్లారా. ఇన్ని రోజులు మీతోని ముచ్చట పెట్టింది నేను కాదు, నా పెనిమిటి రాయమల్లు. నాకు నిన్ననే తెలిసింది. తప్పు చేసిండు. ఆయన తరఫున నేను దండం పెడుతున్న. రాసింది ఆయనే గని కాళ్లు మాత్రం నావే. మంట గూడ నాదే. ఆబిదా చెల్లె, నీ జాబు ఇయ్యాల నేను ఇన్న. ఆయన ముందుగాలనే సదివిండు. నన్ను నువ్వు తిట్టినా సరే, ఆయన్ను తిట్టినా సరే. గని నాతోని మాట్లాడకుండ ఉండకు."

గుంపులో పెద్ద గొడవే అయింది. కొందరు తిట్టారు. ఇలాంటి భర్త దొరకాలని ఒకరిద్దరు మెచ్చుకుంటే, వాళ్లను మరికొందరు తిట్టారు. రాజకుమారి రెండు వాక్యాలు రాసింది. "ఖాతా సారలమ్మది కాబట్టి సారలమ్మ ఉంటుంది, ఆయన ఇక రాయకూడదు, చదవకూడదు. బుధవారం బండి మాత్రం తప్పకుండా వస్తుంది." ఆబిదా ఏమీ రాయలేదు. ఆమె పేరే కనిపించడం మానేసింది.

బుధవారం సారలమ్మ తెల్లవారుజామునే లేచి బియ్యప్పిండితో సర్వపిండి రొట్టెలు కాల్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో బందు లేని వారం లేదు, బండ్లు నడుస్తాయో లేదో ఎవరికీ తెలియదు. ఇద్దరూ ఆటోలో రామగుండం స్టేషన్‌కు చేరేసరికి ఎండ ఎక్కింది. బండి గంట ఆలస్యంగా వచ్చింది. మంచిర్యాల దగ్గర జనం పట్టాల మీద కూర్చున్నారట, కదలడానికి ఇంకో అరగంటైనా పడుతుందని మైకులో చెప్పారు. రెండు నిమిషాలు దొరుకుతాయా అనుకుంటే అరగంట దొరికింది.

లావుపాటి కళ్లద్దాలు, తెల్లటి జడముడి ఉన్న పొట్టి మనిషి రైలు పెట్టె మెట్ల మీది నుంచి జాగ్రత్తగా దిగింది. ఫోటో చూసి ఉంది కాబట్టి సారలమ్మ దగ్గరికే సూటిగా వచ్చింది. రెండు చేతులూ పట్టుకుని, పక్కన సర్వపిండి సంచితో బిగుసుకుపోయిన రాయమల్లును ఎగాదిగా చూసింది.

"ఈయనేనా నాలుగు నెలలు నా చేత అమ్మా తల్లీ అనిపించుకున్న సారలమ్మ?"

రాయమల్లు నేలచూపులు చూశాడు. సారలమ్మకు నవ్వాగలేదు. ఆ నవ్వు చూసి రాజకుమారి కూడా నవ్వేసింది.

సిమెంటు బెంచీ మీద కూర్చోబెట్టి పాదాలు చూసింది. పిన్నీసు మొనతో మెల్లగా తాకుతూ తెలుస్తోందా అని అడిగింది. కనురెప్ప కిందికి లాగి చూసింది, నాలుక చాపమంది. తర్వాత తిండి గురించి అడిగింది. నాలుగేళ్ల కిందట గురువు దగ్గర ఉపదేశం తీసుకున్నాననీ, అప్పటి నుంచి మాంసం, గుడ్డు ముట్టడం లేదనీ సారలమ్మ చెప్పింది. పాలు మొదటి నుంచీ పడవు, చాయ్ కూడా నల్లదే.

"రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా?"

"ఏం లేవక్కా. పొద్దుగాల ఒక గ్యాస్ గోలి, గంతే."

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగైదేండ్లాయె."

"డాక్టరుకి చెప్పావా?"

"ఆయన కాళ్ల గురించి అడిగిండు. కడుపు గురించి ఎందుకు చెప్త?"

రాజకుమారి కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "నేను డాక్టర్ని కాదమ్మా, ఇదే అని చెప్పలేను. కానీ మాంసం, పాలు లేనివాళ్లకి, ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు వేసుకునేవాళ్లకి ఒంట్లో బీ ట్వెల్వ్ అనే విటమిన్ తగ్గిపోతుంది. అది తగ్గితే నరాలు ఇలాగే మండుతాయి. మీ డాక్టరు గారికి ఈ తిండి సంగతి, మాత్రల సంగతి రెండూ చెప్పి, ఆ రక్తపరీక్ష రాయమని అడగండి." రాయమల్లు వైపు తిరిగింది. "మీరు బాగా రాస్తారుగా. రాసుకోండి."

అతను రాసుకున్నాడు. బండి కూత వేసింది. సారలమ్మ సంచి అందించి, "పల్లీలు, నువ్వులు ఏసిన. తొవ్వల తినుండ్రి," అంది. బండి మలుపు తిరిగేదాకా ఆ ముసలామె చెయ్యి కిటికీలోంచి ఊగుతూనే ఉంది.

కంపెనీ దవాఖాన డాక్టరు అంతా విని, ఈ మాట ముందే తెలిస్తే ఎంత బాగుండేదన్నాడు. రక్తం హైదరాబాద్ పంపించారు. విటమిన్ బాగా తక్కువగా ఉందని వచ్చింది. గ్యాస్ గోలీ మాన్పించి సూదులు మొదలుపెట్టారు. మొదట రోజు విడిచి రోజు, తర్వాత వారానికి, ఆ తర్వాత నెలకు ఒకటి. గురువు మాట తప్పనని సారలమ్మ మాంసం ముట్టలేదు, డాక్టరు కూడా పట్టుబట్టలేదు. మంట ఒక్కరోజులో పోలేదు. రెండు నెలలకు చీమలు తగ్గాయి. నాలుగో నెలకు, ఆ ఊరి ఎండల్లోనే, తడిగుడ్డ లేకుండా పడుకుంది. కుడికాలి చివరి రెండు వేళ్లు మాత్రం మొద్దుబారే ఉండిపోయాయి. ఆలస్యమైంది కాబట్టి అవి అలాగే ఉండొచ్చని డాక్టరు చెప్పాడు.

వానాకాలం మొదలయ్యాక ఒక మధ్యాహ్నం సారలమ్మ ఫోను మోగింది. రాజకుమారి దగ్గర నంబరు తీసుకుని ఆబిదా చేసింది. రాయమల్లు పక్కనే ఉన్నాడు. సారలమ్మ ఫోను పట్టుకుని వాకిట్లోకి వెళ్లిపోయింది. గంట తర్వాత వచ్చింది.

"నన్నేమన్నదా?" అన్నాడు.

"నీ ముచ్చట ఒక్కపాలే వచ్చింది."

"గుస్స పోయిందా?"

"నా మీద లేదట. నీ మీద ఉన్నదట." ఫోను అరలో పెడుతూ, "ఉండనీ. ఉండాలె గదా," అంది.

అతను తల ఊపాడు.

ఇప్పుడు ప్రతి శుక్రవారం సారలమ్మే నెట్ సెంటర్‌కు వెళ్తుంది. ఆమె చెబుతుంటే అర్షియా కొడుతుంది. కాళ్ల మంటలని కొత్తగా ఎవరు వచ్చినా, ముందు ఎట్ల మండుతయో చెప్పుమంటుంది, ఏం తింటున్నవో, ఏం గోలీలు వేసుకుంటున్నవో చెప్పుమంటుంది, అన్నీ డాక్టరుకు కూడా చెప్పుమంటుంది. రాయమల్లు షిఫ్టు చూసుకుని తోడు వస్తాడు గానీ గడప దాటడు. ఎదురుగా చాయ్ బండి దగ్గర పేపరు చదువుతూ కూర్చుంటాడు.

మొన్న శుక్రవారం ఆమె బయటికి వచ్చేసరికి గంటన్నర అయింది. ముఖంలో ఏదో సంబురం ఉంది.

"ఏమంటుండ్రు?" అన్నాడు పేపరు మడుస్తూ.

"ఆడోళ్ల ముచ్చట నీకెందుకు?"

"గట్లనా. సరే మరి." షేర్ ఆటోను చెయ్యెత్తి ఆపబోయాడు. ఆమె అతని చెయ్యి కిందికి దించింది. చౌరస్తా దాకా నడుద్దామంది. నాలుగడుగులు వేశాక తానే మొదలుపెట్టింది. పేర్లు చెప్పను గానీ అంటూ, ఎవరో ఒకామె మోకాళ్ల సంగతి.

"ఎట్ల నొస్తయట?" అన్నాడు రాయమల్లు.